ఒట్టు తప్పినవాడు

మూడు వారాలు దాటినా తగ్గని దగ్గు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి దిండు చెమటతో తడిసి ముద్దయ్యేది. బెల్టుకి కొత్తగా రెండు చిల్లులు పొడుచుకున్నాక గానీ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది.

రిపోర్టు తీసుకున్నప్పుడు పక్కన ఉన్నది వాడొక్కడే. చిన్నప్పటినుంచీ స్నేహం. ఎవరికీ చెప్పనని అక్కడే ఒట్టు వేయించుకున్నాను. "సరే. కానీ ఇంట్లో వాళ్లకి నువ్వే చెప్పాలి, వాళ్లూ పరీక్ష చేయించుకోవాలి" అన్నాడు. ఇంట్లో చెప్పాను. మిగతా లోకానికి మాత్రం నాది "ఊపిరితిత్తుల్లో ఏదో ఇన్ఫెక్షన్".

మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. ఆ తర్వాత మందులు తగ్గించి ఇంకో నాలుగు నెలలు. మొదలుపెట్టిన రోజే మూత్రం నారింజ రంగులో వచ్చింది. రక్తమనుకుని హడలిపోయాను. అది రిఫాంపిసిన్ రంగని డాక్టరు ముందే చెప్పారట. నేను వింటేగా.

మొదట్లో వాడు మాస్కు పెట్టుకునే వచ్చేవాడు. రాగానే కిటికీలు బార్లా తెరిచి, వాటి పక్కనే కూర్చునేవాడు. నాకు మనసు చివుక్కుమంది.

"నన్ను చూస్తే భయమా?" అన్నాను.

"భయమే. నేనూ పడకేస్తే నిన్నెవడు చూస్తాడ్రా?"

ఇంకో మిత్రుడు ఫోన్‌లోనే పలకరించేవాడు. మహా తీయగా మాట్లాడేవాడు. నా గ్లాసు పక్కన పెట్టాలా, కంచం వేరు చేయాలా అని అతను చాలాసార్లు అడిగాడు. ఇది గాలి ద్వారా సోకే జబ్బు, కంచాల వల్ల అంటదు అని చెప్పినా ఇటు రాలేదు. తప్పు పట్టను. అతని స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేవాణ్ణేమో.

మూడో నెలకి దగ్గు పోయింది, బరువు పెరిగింది. పొద్దున్నే మాత్రల వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేది. ఒకరోజు మానేశాను. ఏమీ కాలేదు. మర్నాడూ మానేశాను. అలా తొమ్మిది రోజులు.

పట్టుకున్నది వాడే. బల్ల మీది స్ట్రిప్ తీసుకుని వెనక్కి తిప్పాడు. చిరిగిన రేకుల్ని వేలితో తడుముతూ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. ఏమీ అనలేదు. నేనే బతిమాలాను: "ఎవరికీ చెప్పకురా, నా మీద ఒట్టు." తలూపాడు. ఫోన్ మిత్రుడికి చెబితే, "ఒళ్లు నీది, నీ ఇష్టం. నేనెప్పుడూ నీ వైపే" అన్నాడు. ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది.

రెండో రోజే డాక్టరు పిలిపించారు. "మందులు వేసుకుంటున్నారా?" "వేసుకుంటున్నానండీ." చేతికి ఒక చిన్న సీసా ఇచ్చి బాత్రూం వైపు చూపించారు. తిరిగొచ్చి సీసా ఆయన ముందు పెట్టాను. అందులో ఉన్నదానికి నారింజ ఛాయ కూడా లేదు. ఆ సీసాని చూస్తూ ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. మధ్యలో ఆపితే చావకుండా మిగిలిన క్రిములు మందుకి లొంగకుండా తయారవుతాయనీ, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండూ పనిచేయని స్థితి వస్తే వైద్యం ఇంతకంటే చాలా కష్టమనీ చెప్పారు. మళ్లీ కళ్లె పరీక్ష చేయించారు. అదృష్టం, క్రిములు కనబడలేదు. తప్పిపోయిన రోజుల్ని చివర్లో కలిపారు.

చెప్పింది ఎవరో తెలుస్తూనే ఉంది. ఫోన్ చేసి, నోటికొచ్చినట్టు తిట్టాను. ద్రోహి అన్నాను. అంతా విని, "అయిందా? రేపు పొద్దున వస్తాను" అన్నాడు.

వచ్చాడు. ఆ రోజే కాదు, రోజూ. నేను పలికేవాణ్ణి కాదు. మాత్రలు అరచేతిలో పోసి, నీళ్లిచ్చి, నా గొంతు కదిలేదాకా చూసి వెళ్లిపోయేవాడు. దొంగని కాపలా కాసినట్టుండేది. ఎదుట నిలబడి మింగించడం టీబీ వైద్యంలో ఉన్న పద్ధతేనట, డాట్ అంటారట. వాడికది తెలుసో లేదో ఎప్పుడూ అడగలేదు. నెల తర్వాత ఒకరోజు వాడు ఆలస్యంగా వచ్చాడు. మాత్రలు చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాను. అప్పుడు పలికాను, "ఇంతసేపా?" అని.

కోర్సు పూర్తయి చాలా కాలమైంది. మొన్న వాడొచ్చి, ఛాతీలో ఏదో పట్టేసినట్టుంటోందని నెమ్మదిగా బయటపెట్టాడు. "ఇంట్లో చెప్పకు. ఒట్టు వెయ్" అంటూ చెయ్యి చాచాడు.

చేతులు వెనక్కి పెట్టుకున్నాను.