నాలుగైదుల పన్నెండు

ఆదివారం. పొద్దున్నుంచీ ఒకటే ముసురు. అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలకి వెళ్దామని వారం నుంచీ అనుకుంటున్నా కానీ వాన పడితే వాళ్లు పుస్తకాల మీద పట్టాలు కప్పేసి కూర్చుంటారు, వెళ్లినా చేసేదేం లేదు, అందుకని ఇంట్లోనే ఉండిపోయి ఎప్పుడో అక్కడే కొన్న లావుపాటి ఆలిస్ పుస్తకం అలమరలోంచి తీశా. లూయిస్ కారల్ రాసిన 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' కథే, కానీ మామూలు ఆలిస్ కాదు, మార్టిన్ గార్డ్‌నర్ అనే లెక్కల పజిళ్ల రచయిత నోట్సు రాసిన 'ది ఆనొటేటెడ్ ఆలిస్'. మొదట 1960లో వచ్చింది, నా దగ్గరున్నది 1999 నాటి డెఫినిటివ్ ఎడిషన్. కథ ఒక పక్క, మార్జిన్‌లో చిన్నక్షరాల్లో ఈయన కబుర్లు ఒక పక్క. కొన్ని పేజీల్లో కథ నాలుగు లైన్లే, మిగతాదంతా కబుర్లే.

నిజం చెప్పాలంటే చిన్నప్పుడు నాకు ఆలిస్ అస్సలు నచ్చలేదు. తెలుగు మీడియం వాణ్ణి, ఇంగ్లీషు ఎలాగో కూడబలుక్కుని చదివితే ఎవరో ముసలాయన తలకిందులుగా నిలబడ్డాడనీ, మొసలి చేపల్ని నవ్వుతూ నోట్లోకి ఆహ్వానించిందనీ పద్యాలు, ఇందులో నవ్వాల్సిందేంటో అర్థం కాలేదు, తప్పు నాదే అనుకున్నా. గార్డ్‌నర్ చదివాక తెలిసింది అవన్నీ పేరడీలని. మొసలి పద్యం వెనకాల ఐజాక్ వాట్స్ అనే ఆయన 1715లో పిల్లల కోసం రాసిన తేనెటీగ పద్యం ఉంది, సోమరితనం కూడదు, తేనెటీగలా కష్టపడాలి అని. ముసలాయన పద్యం వెనకాల రాబర్ట్ సదీ రాసిన నీతిపద్యం ఉంది. 1865లో పుస్తకం వచ్చినప్పుడు ఇంగ్లండు పిల్లలకి ఇవన్నీ మనకి సుమతీ శతకంలాగా కంఠతా వచ్చు, అందుకే పడీ పడీ నవ్వారు. గార్డ్‌నర్ చేసిన గొప్ప పనేంటంటే ఆ అసలు పద్యాల్ని మార్జిన్‌లో మొత్తం అచ్చేశాడు. శ్రీశ్రీ తెలియని వాడికి జరుక్ శాస్త్రి పేరడీ ఇస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది నా పరిస్థితి, అంతే, బుద్ధి తక్కువై కాదు. ఇంకా తమాషా ఏంటంటే ఇప్పుడు అక్కడి వాళ్లు కూడా చాలామంది ఆ తేనెటీగ గురించి తెలుసుకునేది ఈ మొసలి పుణ్యాన్నే.

ఈలోగా మా వాడొచ్చాడు. నాలుగో క్లాసు, రేపు ఎక్కాల టెస్టు, ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయి గంటైంది. నానమ్మ తిడుతోందని నా దగ్గరికి పారిపోయి వచ్చాడు. సరే రా, నీకంటే ఘనంగా ఎక్కాలు చెప్పే పిల్లొకత్తి ఉంది అని ఆలిస్ కన్నీళ్ల మడుగు చాప్టర్ చూపించా. నాలుగైదుల పన్నెండు, నాలుగారుల పదమూడు, నాలుగేడుల... అని మొదలెట్టి, అయ్యో ఇలాగైతే ఇరవైకి ఎప్పటికీ చేరను అంటుంది. వాడు ముందు నవ్వాడు, తర్వాత "ఎందుకు చేరదు నాన్నా, ఒక్కోటీ పెరుగుతోందిగా" అన్నాడు.

మంచి ప్రశ్న. దానికి గార్డ్‌నర్ నోటు ఉంది. అక్కడి ఎక్కాలు పన్నెండుతో ఆగుతాయి, ఈ లెక్కన నాలుగు పన్నెండ్లు పంతొమ్మిది, ఆట అక్కడితో ఖతం. ఇద్దరం వేళ్లమీద లెక్కేశాం, కరెక్టే. మా వాడి పుస్తకంలో ప్రతి ఎక్కం పదితోనే ఆగుతుంది, అంటే మన సికింద్రాబాద్ ఆలిస్ అయితే పదిహేడు దగ్గరే కూలబడేది! ఇంకో వివరణ కూడా ఉంది, వాడికి చెప్పలేదు కానీ నాకు అదే ఎక్కువ ఇష్టం: నాలుగైదుల ఇరవైని పద్దెనిమిది బేస్‌లో (అంటే పదుల బదులు పద్దెనిమిదుల లెక్కన) రాస్తే ఒక పద్దెనిమిది, పైన రెండు, అంటే 12, ఇరవై నాలుగుని ఇరవై ఒకటి బేస్‌లో రాస్తే 13, అలా బేస్‌ని మూడేసి చొప్పున పెంచుకుంటూ పోతే పంతొమ్మిది దాకా చక్కగా వస్తుంది, నాలుగు పదమూళ్ల దగ్గర బేస్ 42 అవుతుంది, అక్కడ 20 అంటే రెండు నలభై రెండ్లు, ఎనభై నాలుగు, కాబట్టి 52ని రాస్తే 20 రాదు గాక రాదు. కాగితం మీద నేనూ వేసి చూశా, టీ చల్లారిపోయింది. రాసిన లూయిస్ కారల్ అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్, ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల మాస్టారు, కాబట్టి ఇంత దూరం ఆలోచించాడేమో. లేదేమో కూడా.

మధ్యాహ్నం అన్నం తిని పడుకుని ఇదే ఆలోచిస్తున్నా. మన దగ్గర టీకలకి కొదవా? కాళిదాసుకి టీక రాసిన మల్లినాథ సూరి మన మెదక్ వైపు కొలిచెలమ వాడే. ఆయన ముందే మాటిచ్చాడు, మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. గార్డ్‌నర్ సరిగ్గా దీనికి ఉల్టా. ఆయన రాసేవాటిలో సగం కథ అర్థం కావడానికి అస్సలు అక్కర్లేనివే, నాకు ముద్దొచ్చేవీ అవే. ఉదాహరణకి టీ పార్టీలో నక్షత్రం బదులు గబ్బిలాన్ని మిణుకు మిణుకుమనిపించే పాట ఉందా (మా వాడికి వెంటనే అందిన పేరడీ ఇదొక్కటే, ట్వింకిల్ ట్వింకిల్ ఎల్‌కేజీ నుంచీ వచ్చు కదా), ఆక్స్‌ఫర్డ్‌లో బార్తలోమ్యూ ప్రైస్ అనే లెక్కల ప్రొఫెసర్‌ని అందరూ గబ్బిలం అనేవాళ్లట, పాఠం వినేవాళ్ల తలల మీదుగా పైపైన ఎగిరిపోతుందని. మాకూ ఉండేవాడు అలాంటి సారు ఒకాయన. పేరెందుకులెండి.

ఇంకోటి. 1862 జూలై 4న డాడ్జ్‌సన్, డక్‌వర్త్ అనే స్నేహితుడు, లిడెల్ ఇంటి ముగ్గురు ఆడపిల్లలు పడవలో గాడ్‌స్టో దాకా వెళ్లారు, దారిలో పుట్టిందే ఈ కథ. బంగారంలాంటి మధ్యాహ్నం అని పుస్తకం మొదటి పద్యంలోనే రాసుకున్నాడు. గార్డ్‌నర్ ఊరుకోడుగా, వాతావరణ శాఖ రికార్డు చూస్తే ఆ రోజు ఆక్స్‌ఫర్డ్ దగ్గర చల్లగా, తడితడిగా ఉందని నోటు పెట్టాడు. బయట మా బాల్కనీలో ఆరేసిన బట్టలు రెండోసారి తడుస్తుండగా ఇది చదువుతుంటే భలే అనిపించింది.

సాయంత్రం మా వాడికి ఆ టీ పార్టీలోనే టోపీవాడు వేసే పొడుపుకథ చెప్పా, కాకికీ రాత బల్లకీ పోలికేంటి అని. కథలో జవాబు లేదు. జనం అడగ్గా అడగ్గా కారల్ 1896లో ఒక ముందుమాటలో ఏదో జవాబు రాశాడు, అందులో 'నెవర్' అనే మాటలో రెండో 'ఇ' బదులు 'ఎ' పెట్టాడు, తిరగేసి చదివితే 'రేవెన్' (పొడుపుకథలోని కాకి) అవ్వాలని. అచ్చులో ఎవరో స్పెల్లింగు తప్పనుకుని దిద్దేశారు! జోకు పోయింది. 1976లో ఎవరో పట్టుకునేదాకా తెలియలేదు. పాపం.

వాడు వంటింట్లోకి పరిగెత్తి నానమ్మని అడిగాడు. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే, "రెండూ పొద్దున్నే లేవమంటాయిరా, మీ నాన్న రెండిటి మాటా వినలేదు" అంది.

కారల్ జవాబు కంటే ఇదే నయం. ఆ పేజీ మార్జిన్‌లో గార్డ్‌నర్ నోటు కింద కాస్త జాగా ఉంటే పెన్సిల్‌తో రాసిపెట్టా, తేదీ వేసి. ఏడో ఎక్కం మాత్రం ఇంకా రాలేదు.