"చాలు" అన్న చిన్నపాప

మా అమ్మాయికి పదకొండేళ్లు, అబ్బాయికి ఏడు. ఇద్దరూ మాంచెస్టర్‌లోనే పుట్టారు. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. మొన్న డిసెంబర్ సెలవల్లో ఇండియా వెళ్తూ దారిలో ఒమాన్ రాజధాని మస్కట్‌లో నాలుగు రోజులు ఆగాం. ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ పన్నెండేళ్లుగా అక్కడే ఉంటోంది, ఎప్పుడు ఫోన్ చేసినా ఒకసారి రావే అని పోరుతుంది.

మా అమ్మకి చెబితే "అరబ్బుల దేశమా, పిల్లలు జాగ్రత్త" అంది. మాది రాజమండ్రి. కోనసీమ నుంచి మస్కట్, కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల కబుర్లు వింటూ పెరిగాం. ఆ డబ్బుతో డాబా వేసుకున్నవాళ్లున్నారు, జీతం అందక ఏడుస్తూ తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. అరబ్బు ఇల్లు అనగానే మాకు ఆ రెండోవాళ్లే గుర్తొస్తారు. నాకూ లోపల భయంగానే ఉంది, పిల్లల ముందు బయటపడలేదంతే.

మొదటి రోజు సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదుకి వెళ్లాం. 2001లో తెరిచారట. శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో పొద్దున 8 నుంచి 11 దాకా ముస్లింలు కానివాళ్లని కూడా రానిస్తారు. అమ్మాయి తలమీద చున్నీ కప్పుకోవాలి, తమ్ముడికి అవసరం లేదు. ఎందుకని అడిగింది. ఇక్కడి నియమం అది, వాళ్లింటికి వచ్చాం కాబట్టి పాటించాలి, నీకు నచ్చకపోతే నచ్చలేదని నాతో చెప్పొచ్చు అన్నాను. లోపల మగవాళ్లు నమాజు చేసే పెద్ద హాల్లో పరిచిన తివాచీ 21 టన్నులు, ఇరాన్‌లో 600 మంది ఆడవాళ్లు నాలుగేళ్లు నేశారని గైడ్ చెప్పాడు. ఆడవాళ్లకి నమాజు గది వేరే ఉంది, బాగా చిన్నది. "నేసింది వాళ్లు కదా" అంది మా పిల్ల. దానికి నా దగ్గర జవాబు లేదు. అడిగినందుకు మాత్రం సంతోషం వేసింది.

మా వాడికి మాత్రం డబ్బులే వింత. అక్కడ రియాల్‌కి వెయ్యి బైసాలు. బైసా అంటే మన పైసానే, 1970 దాకా ఒమాన్‌లో రూపాయే చెల్లేది. అమ్మమ్మ చిన్నప్పుడు ఇక్కడికొచ్చి ఉంటే రూపాయిలతోనే కొనుక్కునేదా అని వాడు మాత్రా అనే పాత బజారంతా అడుగుతూనే ఉన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం స్నేహితురాలి పక్కింటివాళ్లు భోజనానికి పిలిచారు. ఒమానీ కుటుంబం, అత్తగారు, ఇద్దరు కోడళ్లు, పిల్లలు. మగవాళ్లు గుమ్మం పక్కన అతిథుల కోసం ఉండే మజ్లిస్‌లో కూర్చున్నారు, మావారూ అబ్బాయీ అటు వెళ్లారు. మేం లోపలి గదిలోకి వెళ్లాం. వీధిలో నల్లటి అబాయాల్లో చూసిన ఆడవాళ్లు లోపల పచ్చ, ఎరుపు గౌన్లలో, చేతినిండా బంగారంతో, గట్టిగా నవ్వుతూ కబుర్లాడుతుంటే మా అమ్మాయి కళ్లు విప్పార్చుకుని చూసింది.

ముందు ఖర్జూరం, తర్వాత కహ్వా. యాలకుల వాసనతో చక్కెర లేని కాఫీ, చెవి లేని చిన్న కప్పులో అడుగున కాస్త పోస్తారు. తాగగానే మళ్లీ పోస్తారు. మా అమ్మాయి మర్యాదకి రెండుసార్లు తాగింది, మూడోసారికి మొహం మారిపోయింది, వద్దని ఎలా చెప్పాలో దానికి తెలియదు. అంతలో ఆ ఇంటి చిన్నపాప, నాలుగైదేళ్లుంటాయేమో, వచ్చి దీని చేయి పట్టుకుని ఖాళీ కప్పుని అటూ ఇటూ ఊపించింది. అలా ఊపితే ఇంక వద్దని. ఊపిస్తూ "చాలు, చాలు" అంది.

నేను సరిగ్గా విన్నానా అని స్నేహితురాలి వైపు చూశాను. తను నవ్వి వంటింటి వైపు చూపించింది. గుమ్మం దగ్గర కొంగు బొడ్లో దోపుకుని ఒకామె నిలబడి ఉంది. "మీది ఏ ఊరండీ?" అంది. రాజమండ్రి అన్నాను. "అయ్యో, మాది రాజోలు అవతలేనండి" అంటుంటే ఆమె మొహం వెలిగిపోయింది. వచ్చి తొమ్మిదేళ్లయిందట. ఆ పాపని పుట్టినప్పటినుంచి ఎత్తుకుని పెంచింది ఆమే. రా, తిను, బజ్జో, చాలు, ఆ పాపకి ఈ మాటలన్నీ వచ్చు. ఆమె కొడుకు రాజమండ్రిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. కూతురు ఊళ్లో అమ్మమ్మ దగ్గరుంది.

భోజనానికి నేలమీద ప్లాస్టిక్ గుడ్డ పరిచి మధ్యలో ఒకే పెద్ద పళ్లెం పెట్టారు. ఖబూలీ అన్నం, పైన మాంసం, శనగలు. అందరూ చుట్టూ కూర్చుని ఎవరి ముందున్న వైపు నుంచి వాళ్లు కుడిచేత్తో తినాలి. ఇక్కడే నాకు టెన్షన్ మొదలైంది. మా అమ్మాయిది ఎడమచేతి వాటం. పైగా మూడేళ్లుగా ఇంట్లో పప్పన్నం కూడా చెంచాతోనే తింటోంది, చేత్తో తినడం దానికి నామోషీ. కుడిచేత్తో ప్రయత్నించింది, మెతుకులన్నీ ఒళ్లో పడ్డాయి. అత్తగారు చూశారు. ఏమీ అనలేదు. మాంసం ఎముక నుంచి ఒలిచి, అన్నంలో కలిపి, ముద్ద చేసి దాని వైపు పళ్లెం అంచున పెట్టారు. అది తిన్నాక ఇంకోటి. మా అమ్మ ముద్దలు కలిపి పెడతానంటే వద్దని లేచిపోయే పిల్ల, ఆ పెద్దావిడ చేతి ముద్దలు ఆరో ఏడో తింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆఖర్న నిప్పుల మీద బఖూర్ అనే ధూపం వేసి మా జుట్టుకీ బట్టలకీ పొగ పట్టించారు. చిన్నప్పుడు తలంటుపోసి సాంబ్రాణి వేసిన వాసన. అది వచ్చిందంటే ఇక లేవొచ్చని స్నేహితురాలు చెవిలో చెప్పింది, మనం బొట్టు పెట్టి పంపినట్టన్నమాట.

కారెక్కగానే మా అమ్మాయి "ఆ తెలుగావిడ మనతో ఎందుకు కూర్చోలేదు?" అంది. వాళ్ల పద్ధతి అంతే అనబోయి ఆగిపోయాను. రాజమండ్రిలో మా ఇంట్లో పనిమనిషి కాఫీ గ్లాసు వేరే ఉంటుంది, వంటింటి గూట్లో బోర్లించి. అదే చెప్పాను. "ఇప్పటికీ ఉందా?" అంది. ఉందన్నాను. ఇల్లు చేరేదాకా ఇంకో మాట మాట్లాడలేదు. ఈ సంస్కృతి మంచిది, ఆ సంస్కృతి చెడ్డది అని పిల్లలకి పంచిపెట్టడం నాకు అప్పటిదాకా తేలిగ్గానే ఉండేది.

రాజమండ్రి వెళ్లిన రోజే ఆ గ్లాసు తీసేసి అందరి గ్లాసుల్లో కలిపేశాను. అమ్మకి కోపమొచ్చింది, రెండు రోజులు ముభావంగా ఉంది.

మస్కట్ నుంచి వచ్చేముందు ఆ రాజోలు ఆమె ఒక పొట్లం ఇచ్చింది, కొడుక్కి చొక్కా, ఖర్జూరం, ఒమానీ హల్వా. మూడో రోజు సాయంత్రం అబ్బాయి సైకిల్ మీద వచ్చాడు. పదిహేడేళ్లుంటాయి, లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. "మా అమ్మ బాగుందాండీ? చిక్కిపోయిందా?" అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి తెలుగులో, మాట మాటకీ ఆగుతూ, "బాగుంది. అక్కడ చిన్నపాపకి తెలుగు వచ్చు. మీ అమ్మే నేర్పింది" అంది.

ఆ అబ్బాయి తల వంచుకుని పొట్లానికి కట్టిన దారం ముడి విప్పుతూ చాలాసేపు అలాగే నిలబడ్డాడు.