ఏడో జలుబు

పదకొండు దాటింది. చిన్నది నోటితో ఊపిరి తీస్తూ నిద్రపోతోంది. ఈ ఏడాదిలో దానికిది ఏడో జలుబు. అయితే నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం జలుబు కాదు, సాయంత్రం వదిన బల్ల మీద పెట్టి వెళ్లిన సీసా. దాని మీద ‘రోగనిరోధక శక్తిని పెంచును’ అని పెద్ద అక్షరాలున్నాయి. ఎంత పెంచుతుందో, ఎలా పెంచుతుందో ఎక్కడా లేదు. కళ్లజోడు పెట్టుకుని అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చదివాను. అన్నిటికంటే ముందున్నది చక్కెర. పైగా, "నువ్వు కడిగి కడిగి పెంచుతున్నావు, అందుకే దీనికి దేన్నీ తట్టుకునే శక్తి లేదు" అని ఒక మాట కూడా అనేసి వెళ్లింది.

బడికి కొత్తగా వెళ్లే పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలే. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. ఎదురైన ప్రతిదానినీ ఆ చిన్న శరీరం కొత్తగా ఎదుర్కొని, దానికి తగిన ప్రతిరక్షకాలను, అంటే దానితో పోరాడే యాంటీబాడీలను, తయారు చేసుకోవాలి. ఈ జవాబు అప్పుడే చెప్పవలసింది. నాకు జవాబులన్నీ మనిషి వెళ్లిపోయాక, గిన్నెలు తోముతున్నప్పుడే తడతాయి.

గిన్నెల దగ్గరే ఇంకో సంగతీ తట్టింది. కడగడం విషయంలో ఆవిడ మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. 1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే పరిశోధకుడు 17,414 మంది బ్రిటిష్ పిల్లల వివరాలు పరిశీలించి, తోబుట్టువులు, అందులోనూ తమకంటే పెద్దవాళ్లు, ఎక్కువగా ఉన్నవారిలో పుప్పొడి అలర్జీ తక్కువగా ఉందని గమనించాడు. చిన్నతనంలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే సూక్ష్మజీవులే కారణమేమోనని ఊహించాడు. ఉదయం చిన్నది వానపామును అరచేతిలో పెట్టుకుని, "అమ్మా, చక్కిలిగింతలు పెడుతోంది" అంటూ పరుగెత్తుకొస్తే, నేను ఎదురు పరుగెత్తింది శానిటైజర్‌తో. సబ్బుతో కడిగితే సరిపోయేది. ఇకమీదట మట్టిలో ఆడుకోనివ్వాలని, వదినకు ఫోన్ చేసి ఆ మాట ఒప్పుకోవాలని కూడా అనుకున్నాను.

అంతలో తమ్ముడు గుర్తొచ్చాడు. "తట్టు వచ్చిపోతే పిల్లవాడు గట్టిపడతాడు" అని ఇంట్లో పెద్దవాళ్లు వాడికి టీకా వేయించలేదు. తట్టు వచ్చింది, పోయింది, ఒంటి మీద మచ్చలూ మానిపోయాయి. కానీ ఆ తరువాత ఏడాదంతా వాడు మంచం దిగింది తక్కువ. చెవిలోంచి కారిన చీముతో దిండు గలీబు పసుపు పచ్చగా అట్టకట్టేది, అమ్మ రోజూ వేడినీళ్లలో నానబెట్టేది. ఆ పైన న్యుమోనియా. తట్టు వైరస్ శరీరం దాచుకున్న పాత రోగాల జ్ఞాపకాన్ని కూడా చెరిపేస్తుందని, టీకా వేయించుకోని పిల్లల్లో అంతకు ముందున్న ప్రతిరక్షకాలలో 11 నుంచి 73 శాతం వరకు పోయాయని 2019లో వచ్చిన పరిశోధన చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ గలీబే. వాడి జబ్బులన్నిటికీ అదే కారణమని ఖాయంగా చెప్పలేను. మట్టిలో ఆడనివ్వడం వేరు, రోగాన్ని రానివ్వడం వేరు. వదిన ఈ రెండింటినీ ఒకే గాటన కట్టిందని మళ్లీ కోపం వచ్చింది.

ఆ కోపంతోనే లేచి టీకాల కార్డు తీశాను. తరువాతి మోతాదు తేదీ పోయిన వారమే దాటిపోయింది. కొద్దిపాటి జలుబు టీకాకు అడ్డం కాదని తెలిసి కూడా, ముక్కు కారుతోందని ఆపింది వదిన కాదు, నేనే. కార్డును ఆ సీసాకే ఆనించి పెట్టాను, పొద్దున లేవగానే కనబడేలా.