మిషనుకి కొబ్బరికాయ కొట్టారు గానీ

నిద్ర పట్టట్లేదు. కారణం చెబితే నవ్వుతారు. ఫ్లెక్సీ.

పొద్దున్నే మా రొయ్యల జబ్బులు చూసే ల్యాబ్ ముందు కట్టేశారు. మధ్యలో సాంపిల్‌లోంచి డీఎన్‌ఏ తీసే కొత్త మిషను, పక్కన చేతులు కట్టుకుని మా ఓనరు గారు, కింద ఎర్రటి అక్షరాల్లో "పూర్తి ఆటోమేటిక్. చెయ్యి తగలని పీసీఆర్ టెస్ట్." భీమవరంలో ఫ్లెక్సీ లేకుండా ఏ శుభకార్యమూ జరగదు, పిల్లాడి పంచెల ఫంక్షన్‌కీ కడతారు, కాబట్టి మిషనుకి కడితే వింతేం లేదు. నాకు మండింది ఆ రెండో ముక్క దగ్గర. ఆ ఫ్లెక్సీ కిందనుంచే లోపలికెళ్ళి, గ్లోవ్స్ తొడుక్కుని నేను చేసిన మొదటి పని రొయ్యపిల్లల కళ్ళు కొయ్యడం.

అవును, కళ్ళే. హేచరీ నుంచి వచ్చిన సీడ్ సాంపిల్. పిల్ల పొడవు మొత్తం సెంటీమీటరు అటూ ఇటూ. దాని కంట్లో ఉండే నల్లరంగు పీసీఆర్‌ని, అంటే జబ్బు క్రిమి డీఎన్‌ఏని ఎన్నో రెట్లు పెంచి పట్టే టెస్టుని, పనిచెయ్యనివ్వదు, వైరస్ ఉన్నా లేనట్టు చూపించే ప్రమాదం ఉంది. అందుకని గాజు పళ్ళెంలో పిల్లల్ని వరసగా పడుకోబెట్టి, భూతద్దం కింద, బ్లేడు మూలతో కళ్ళ వెనక చిన్న గాటు పెట్టి ఆ కొన తీసెయ్యాలి. రెండు నల్లచుక్కలు పళ్ళెం అంచుకి జరుగుతాయి. ఏసీ గాలికి కాస్త ఆరిందంటే పిల్ల బ్లేడుకి అతుక్కుపోయి ఒక పట్టాన రాదు. అలా బ్యాచ్‌కి 150. ఎందుకు అన్ని అంటే, వందలో రెండింటికే రోగం ఉన్నా 95 శాతం నమ్మకంతో మన చేతికి చిక్కాలంటే అన్ని పిల్లలు కావాలని లెక్క. ఓపిక లేని హేచరీ వాళ్ళు గుప్పెడు పంపించి "చాల్లేండి మేడమ్" అంటారు, అది వేరే తలనొప్పి.

ఈ పళ్ళెం ఫోటో మాత్రం ఫ్లెక్సీ మీద ఎక్కడా లేదు.

మిషనుకి ఏ లోటూ చెయ్యలేదు లెండి. దింపిన రోజే పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కొబ్బరి నీళ్ళు ఎక్కడ లోపల పడతాయోనని హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజినీరు కుర్రాడు రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఇంటికొచ్చి అత్తయ్యకి చెబితే "నిమ్మకాయ కట్టారా?" అనడిగారు. కట్టారు. అత్తయ్య సంతృప్తిపడి మళ్ళీ సీరియల్లోకి వెళ్ళిపోయారు.

చూడ్డానికి మైక్రోవేవ్ ఓవెన్ అంత ఉంటుంది. కోవిడ్ రోజుల్లో ముక్కు సాంపిళ్ళలోంచి ఆర్‌ఎన్‌ఏ తీసిన జాతిదే. కొన్ని లవణాలు గాఢంగా కలిపిన ద్రవంలో డీఎన్‌ఏ సిలికాకి అంటుకుంటుంది. దాన్ని వాడుకునే పద్ధతిని ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు 1990లో పెట్టారు. మొన్నటిదాకా మేం చేత్తో చేసిన పద్ధతిలో వాడిన కాలమ్‌లు అనే చిన్న ట్యూబుల్లోనూ ఆ సిలికానే. ఇప్పుడు దాన్ని అయస్కాంతానికి లొంగే సన్నటి రేణువుల మీద పూతగా పూసి ఇస్తున్నారు. ప్లేటు ముందే నింపి వస్తుంది: మొదటి గుంటలో కణాలు పగలగొట్టే ద్రవం, తర్వాతవాటిలో కడిగే ద్రవాలు, చివరిదాంట్లో డీఎన్‌ఏని వదిలించేది. మిషను ద్రవాన్ని అటూ ఇటూ పొయ్యదు, రేణువుల్నే మోసుకెళ్తుంది. ప్లాస్టిక్ తొడుగులు దిగుతాయి, వాటి లోపలికి అయస్కాంతపు కడ్డీలు దిగుతాయి, ఫిల్టర్ కాఫీ గసిలాంటి పొడి వచ్చి తొడుగు చుట్టూ పట్టుకుంటుంది. పక్క గుంటలోకి వెళ్ళాక కడ్డీ పైకి పోతుంది, తొడుగు గబగబా ఊగుతుంది, పొడి వదిలేస్తుంది. తలుపుకి చిన్న కిటికీ ఉంది. మొదటిరోజు పని మానేసి అందరం దాని ముందు నిలబడి చూశాం. బాగుంది. బాగోలేదని ఎవరన్నారు.

పదకొండింటికి కాళ్ళ అనే ఊరి వైపు నుంచి ఒక రైతు గారు వచ్చారు. క్యారీ బ్యాగులో రెండు రొయ్యలు, రెండూ చచ్చి ఎర్రబడి ఉన్నాయి. "బోర్డు చూశానండి. అంతా మిషనే చేసేస్తుందంట కదా, తొందరగా ఇచ్చెయ్యండి మేడమ్. కిలోకి వంద తూగే కౌంటు దగ్గర ఆగిపోయిందండి సరుకు. ఇంకా మేత పొయ్యాలో, చెరువు పట్టుబడి చేసి అమ్మెయ్యాలో తేల్చుకోవాలి." ఎప్పుడు తీశారండీ అంటే, "తెల్లారగట్ట మేత చూసే చెక్ ట్రేలో పడ్డాయండి. బండి డిక్కీలో పెట్టుకొచ్చాను." ఈ ఎండల్లో బండి డిక్కీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఎదుగుదల ఆగిందంటే ముందు అనుమానం ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి మీదే. అది ఒక్కసారిగా చంపదు, ఎదగనివ్వదు. రొయ్య మేత తింటూనే ఉంటుంది, కౌంటు కదలదు. దాన్ని పట్టుకోవాలంటే రొయ్య లివర్ కావాలి. రొయ్య చావగానే ఆ లివర్‌లో ఉన్న ఎంజైములే దాన్ని అరిగించేస్తాయి. తల డిప్ప ఎత్తేసరికి గోధుమరంగు నీళ్ళు కారాయి, ముక్కంటూ దొరకలేదు. "బతికున్నవి తేవాలండి. లేకపోతే మేమిచ్చే ఆల్కహాల్ సీసాలో గట్టు మీదే వేసెయ్యాలి" అన్నాను.

"ఇంత మిషనుండి కూడానాండీ?" అన్నారాయన.

వెటకారం కాదు. నిజంగానే అడిగారు. ఆ తర్వాత కూడా చాలాసేపు నాకు తిక్కగానే ఉంది. ఆయన మీద కాదు. ఇంత మిషను అని ఆయనకి చెప్పినవాళ్ళ మీద.

ఆయన ఆ క్యారీ బ్యాగు టేబుల్ మీద పెట్టిన తీరుకి నాన్న గుర్తొచ్చారు. 1995. టైగర్ రొయ్య మంచి ఊపు మీదున్న రోజులు. మొగల్తూరు చుట్టుపక్కల చేలన్నీ చెరువులవుతుంటే నాన్న కూడా మాకున్న రెండెకరాలూ తవ్వించారు. ఒక సాయంత్రం రొయ్యలన్నీ గట్టు అంచుకి వచ్చి నిలబడిపోయాయి. పిల్లలం కదా, మాకు సంబరం, వల అక్కర్లేదు, వంగి చేత్తో తీసేసుకోవచ్చు. తీశాను కూడా. తల డిప్ప మీద తెల్లటి చుక్కలు. గోటితో గీకితే పోలేదు. నాన్న నా చేతిలోంచి తీసుకుని లాంతరు దగ్గర పెట్టి చాలాసేపు తిప్పి చూశారు. వారం తిరక్కుండా చెరువు ఖాళీ అయిపోయింది. బ్లీచింగు చల్లమని ఒకరు, సున్నం చల్లమని ఒకరు, ఎవరో చేసిన చేతబడని ఇంకొకరు. ఎవరో కాస్త చదువుకున్నాయన, మద్రాసు పంపితే జబ్బేంటో చెబుతారన్నాడు. చల్లగా పంపాలిట. చల్లగా పంపడానికి మా ఇంట్లో ఉన్నది ఒకటే, అమ్మ ఎర్ర ఫ్లాస్కు. బంధువుల్లో ఎవరికి పురుడొచ్చినా ఆసుపత్రికి కాఫీ వెళ్ళేది దాంట్లోనే. అందులో ఐసుముక్కలు, రొయ్యలు వేసి, మూతకి తడిగుడ్డ చుట్టి, నరసాపురం స్టేషన్‌లో తెలిసినాయన చేతిలో పెట్టారు నాన్న. కొన్నాళ్ళకి ఫ్లాస్కు తిరిగొచ్చింది. జవాబు రాలేదు. బొగ్గు వేసింది, ఉప్పు వేసింది, చింతపండుతో తోమింది, అమ్మ ఎన్ని చేసినా ఆ నీచు వాసన పోలేదు. ఆవిడ ఇప్పటికీ చెరువు ఊసెత్తదు. ఫ్లాస్కు గురించి మాత్రం నాన్నని పోయేదాకా దెప్పుతూనే ఉంది.

పీసీఆర్ కనిపెట్టినందుకు క్యారీ మల్లిస్‌కి నోబెల్ ఇచ్చింది 1993లో. మా చెరువు పోయింది ఆ తర్వాత రెండేళ్ళకి. ఆ తెల్లచుక్కల జబ్బు తెచ్చే వైట్ స్పాట్ వైరస్‌ని పీసీఆర్‌లో పట్టే పద్ధతులు అచ్చయింది 1996 ప్రాంతంలో. అంటే ఆ ఫ్లాస్కు ఎంత పెద్ద ల్యాబ్‌కి చేరినా, ఇవాళ మేం చేస్తున్న టెస్టు దానికి దొరికే మాటే లేదు. ఇప్పుడు కాళ్ళ నుంచి బండి మీద వచ్చిన మనిషి సాయంత్రానికల్లా రిపోర్టు పట్టుకెళ్ళాలనుకుంటున్నాడు, అది అత్యాశ కూడా కాదు.

ఇక్కడిదాకా రాసి మొదటినుంచీ చదువుకుంటే మిషను మీద పడి ఏడుస్తున్నట్టుంది. అదేం కాదు. నా బొటనవేలు ఎప్పుడూ నొప్పే, చలికాలంలో పప్పు డబ్బా మూత కూడా మా ఆయనే తియ్యాల్సి వస్తోంది. ఏళ్ళ తరబడి చుక్కలు కొలిచి పోసే మైక్రోపిపెట్ నొక్కీ నొక్కీ వచ్చిన వరం అది. కాలమ్ పద్ధతిలో ఒక్కో ట్యూబునీ ఎన్నిసార్లు తెరవాలి, ఎన్నిసార్లు సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తియ్యాలి! తెరిచిన ప్రతిసారీ పక్క ట్యూబుది దీంట్లో పడుతుందేమోనని టెన్షన్. సాయంత్రం చివరి ట్యూబు దగ్గరికి వచ్చేసరికి పొద్దుటి చెయ్యి ఉండదు. మిషనుకి ఆ బాధ లేదు. మొదటి గుంటా చివరి గుంటా ఒకేలా చేస్తుంది. ఈ వారమంతా సాంపిల్ వెయ్యకుండా పెట్టే నెగెటివ్ కంట్రోల్ శుభ్రంగా వచ్చింది, వేలు నొప్పి లేదు. సంతోషమే.

మరి మంటేమిటి అంటే, కొంచెం కుళ్ళు కూడా ఉందేమో. కొత్తగా చేరిన అమ్మాయి వచ్చీ రాగానే బటన్ నొక్కి ఫోను చూసుకుంటూ కూర్చుంది. నాకు ఆ చెయ్యి కుదరడానికి ఎంత కాలం పట్టిందో నాకు తెలుసు. అయితే నిన్న అదే అమ్మాయి ప్లేటు మీద రేకు చింపేముందు కిందికి దులపలేదు. దులపకపోతే పొడి రేకుకే అంటుకుని దాంతోపాటు చెత్తబుట్టలోకి పోతుంది. ఇంకో దాంట్లో 25 మిల్లీగ్రాముల ముక్క పెట్టాల్సిన చోట ఉదారంగా ఇంతలావు ముక్క పెట్టేసింది, ఎక్కువ పెడితే ఎక్కువ వస్తుందని. రాదు, అడ్డంపడే చెత్త పెరుగుతుంది. చెప్పాను. విసుక్కోలేదు, రాసుకుంది. మంచిపిల్లే.

మా పిన్ని కూతురికి మధ్యాహ్నం ఇదంతా వాయిస్ మెసేజ్ పెట్టాను. అది రొయ్యల ఎక్స్‌పోర్టుకి యాంటీబయోటిక్ అవశేషాలు చూసే ల్యాబ్‌లో చేస్తుంది. వాళ్ళ దగ్గర ముక్కని మెత్తగా చేసేదొకటి, నైట్రోజన్ ఊది ద్రావకాన్ని ఎగరగొట్టేదొకటి, ఇలా గదినిండా మిషన్లే. "అక్కా, నైట్రోఫ్యూరాన్ సాంపిల్‌ని ఏం చేసినా రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచాల్సిందే, బయ్యరు ఎంత అరిచినా. రొయ్య పొట్టు మాత్రం మా ఆయమ్మే తీస్తుంది" అని నవ్వింది.

అసలు గొడవ నాలుగింటికి. ఆ డిక్కీ రొయ్యల్ని వద్దంటున్నా ఓనరు గారు పెట్టమన్నారు. పెట్టాం. ఆ కుళ్ళిన నీళ్ళని కూడా మిషను అంతే శ్రద్ధగా కడిగి, ఆరబెట్టి, కూత వేసి మరీ చెప్పింది అయిపోయిందని. అభ్యంతరం చెప్పడం దానికి నేర్పలేదు. పీసీఆర్‌లో ఈహెచ్‌పీ రాలేదు. రొయ్య సొంత జీన్ కోసం పెట్టే ఇంటర్నల్ కంట్రోల్ కూడా రాలేదు. రొయ్య డీఎన్‌ఏనే దొరకని చోట ఈహెచ్‌పీ లేదని ఎలా రాస్తాం? "రిపోర్టు ఇవ్వలేం, మళ్ళీ సాంపిల్ కావాలి" అని రాశాను.

"ఫ్లెక్సీ కట్టిన రోజే ఇవ్వలేం అంటే ఎలాగమ్మా? కనపడలేదుగా, నెగెటివ్ అని ఇచ్చెయ్యి."

"ఆయన దాన్ని నమ్మి ఇంకో నెల మేత పోస్తారండీ."

ఓనరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకీ చెరువులున్నాయి, మేత బస్తా ఖరీదు ఆయనకి నేను చెప్పాలా. చివరికి రైతు గారికి ఆయనే ఫోన్ చేసి, "మా మేడమ్ గారు ఒప్పుకోవట్లేదండీ" అని నా మీదకి తోసేశారు. తొయ్యనీ. రేపు బతికున్నవి తెస్తారట.

ఇంటర్నల్ కంట్రోల్ సంగతి ప్రతి రిపోర్టులోనూ వెయ్యమని ఎప్పటినుంచో అడుగుతున్నాను. రైతులకి అర్థం కాదంటారు. జబ్బు ఎంతుందో చెప్పే సీటీ వాల్యూ ఎంతొచ్చిందని గట్టు మీద నిలబడి ఫోన్లో బేరాలాడే రైతులకి ఇది అర్థం కాదా?

అన్నం దగ్గర మా ఆయనతో చెప్పాను, రబ్బరు స్టాంపు చేయిస్తానని. సాంపిల్ ఎలా వచ్చిందో రిపోర్టు మీద గుద్దేస్తాను: బతికి వచ్చింది, చచ్చి వచ్చింది, ఫార్మాలిన్‌లో వచ్చింది. ఫార్మాలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుందని ఎన్నిసార్లు చెప్పినా తెస్తూనే ఉంటారు. ఓనరు గారు ఒప్పుకోకపోతే పెన్నుతో రాస్తాను. పాత బస్టాండు దగ్గర స్టాంపులు చేసేవాడు ఈయనకి తెలుసట, సైజు అడిగారు. మా చిన్నమ్మాయి మజ్జిగ కలుపుకుంటూ ఇంకో గడి కూడా పెట్టించమంది: "కూరకని కొని, అనుమానం వచ్చి తెచ్చింది." నవ్వాను గానీ పెట్టిస్తాను, అవీ వస్తుంటాయి.