బ్లాక్‌లిస్ట్ ఎక్కించినా స్పామ్ ఆగలేదు: నా అనుభవం

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ల పని నేనే చూస్తాను. మా మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. వానాకాలం వడ్లు మిల్లుకు వచ్చే రోజుల్లో దొంగ ఇన్‌వాయిస్‌లు కుప్పలుగా పడేవి. లెక్కలు రాసే పెద్దాయన ఒకరోజు నన్ను పిలిచి, "గీ మెయిళ్లల్ల అసలు బిల్లు ఏదో, దొంగ బిల్లు ఏదో తెలుస్తలేదు బిడ్డా" అన్నారు. ఆయన పొరపాటున ఒక్కదానికి డబ్బు పంపినా గతేంటని నాకు భయం పట్టుకుంది.

రెండు చోట్ల నుంచి బ్లాక్‌లిస్ట్‌లు, అంటే మెయిల్ తీసుకోకూడని ఐపీల (ఇంటర్నెట్‌లో కంప్యూటర్ల అడ్రస్‌ల) జాబితాలు తెచ్చాను. ఒకటి స్పామ్ పంపేవాళ్లను కనిపెట్టే స్పామ్‌హౌస్ సంస్థ వాళ్ల డ్రాప్ జాబితా. రెండోది ఎవరో పోగుచేసి పెట్టిన పాత ఫైలు. డ్రాప్‌లో ఒక్కో లైన్‌కి ఐపీ రేంజ్, సెమీకోలన్, దాని పక్కన రిఫరెన్స్ నంబర్ ఉంటాయి. సెమీకోలన్ నుంచి చివరిదాకా తీసేసి, ప్రతి రేంజ్ పక్కన రిజెక్ట్ అని చేర్చాను. ఆ ఫైలును పోస్ట్‌ఫిక్స్‌లోని పోస్ట్‌మ్యాప్ కమాండ్‌తో, సర్వర్ వెతుక్కునే హ్యాష్ టేబుల్‌గా కట్టి, సర్వర్ రీలోడ్ చేశాను. ఎర్రర్ ఒక్కటీ లేదు. స్పామ్ మాత్రం ఎప్పటిలాగే వచ్చింది.

రెండు రోజులు సర్వర్ తన పని రాసుకునే లాగ్ ముందే కూర్చున్నాను. చివరికి జాబితాలోని ఒక రేంజ్‌కు చెందిన ఐపీని పట్టుకుని, దానికి టేబుల్‌లో ఏం రాసి ఉందని పోస్ట్‌మ్యాప్‌ను క్యూ ఆప్షన్‌తో అడిగాను. జవాబే లేదు. అప్పుడు అర్థమైంది. హ్యాష్ టేబుల్‌కు /24 లాంటి, రేంజ్ సైజు చెప్పే గుర్తు అంటే తెలియదు. అది మొత్తం ఐపీని వెతుకుతుంది, దొరక్కపోతే చివరి నుంచి చుక్కల మధ్య ఉండే ఒక్కో భాగం తీసేస్తూ వెతుకుతుంది, అంతే. రేంజ్‌లకు ఆ గుర్తును అర్థం చేసుకునే సీఐడీఆర్ టేబుల్ వాడాలి. దానికి పోస్ట్‌మ్యాప్‌తో కట్టే పని లేదు, మార్చినప్పుడల్లా రీలోడ్ ఇస్తే చాలు. టేబుల్ రకం మార్చగానే లాగ్‌లో రిజెక్ట్‌లు కనబడ్డాయి. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మూడోరోజు కాకినాడ నుంచి మా పాత ఎగుమతిదారు ఫోన్ చేశారు. "ఆర్డరు పంపితే వెనక్కొచ్చేస్తోందండి, 554 అని ఏదో చూపిస్తోంది" అన్నారు. అది మా సర్వరే మెయిల్‌ను తిరస్కరించినప్పుడు ఇచ్చే కోడ్. నా గుండె జారిపోయింది. ఆ పాత ఫైలులో /16 రేంజ్‌లు ఉన్నాయి. ఒక్క /16 అంటే 65,536 అడ్రస్‌లు. ఆయన మెయిల్ వచ్చే షేర్డ్ హోస్టింగ్ (చాలామంది కలిసి వాడుకునే సర్వర్) కూడా అందులోనే పడింది. ఆ ఫైలు లైన్లన్నీ తీసేసి, డ్రాప్ ఒక్కటే ఉంచాను. ఈ టేబుల్‌లో మొదట కలిసిన లైనే చెల్లుతుంది. అందుకే మనకు కావలసిన వాళ్ల ఐపీలను పైన పెట్టాను. వాటి పక్కన ఓకే అని రాయకుండా డన్నో అని రాశాను. ఓకే అంటే ఆ వరుసలో మిగతా తనిఖీలు ఆగిపోతాయి, డన్నో అంటే అవి కొనసాగుతాయి.

ఇప్పుడు కొత్త జాబితా ఏది వచ్చినా ముందు వారం రోజులు వార్న్ ఇఫ్ రిజెక్ట్ అనే సెట్టింగ్ పెట్టి వదులుతాను. మెయిల్ లోపలికి వస్తుంది, లాగ్‌లో మాత్రం హెచ్చరిక పడుతుంది. ఆ లైన్లు ప్రింట్ తీసి పెద్దాయన ముందు పెడితే, మా వ్యాపారుల పేర్లు ఉంటే ఆయన పెన్నుతో సున్నా చుట్టి ఇస్తారు.