రైలా క్యాంపా, ఇంటరాక్ట్ క్లబ్బా?

లీడర్‌షిప్ క్యాంపు అనగానే మనవాళ్లకి స్టేజీ, మైకు, శాలువాలే గుర్తొస్తాయి. సేవా క్లబ్బుల సంస్థ రోటరీ వాళ్లు నడిపే రైలా (రోటరీ యూత్ లీడర్‌షిప్ అవార్డ్స్, యువతకి నాయకత్వం నేర్పే క్యాంపు) అసలు ఉద్దేశం అది కాదు. 1959లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మొదలై, 1971లో రోటరీ ఇంటర్నేషనల్ అధికారిక కార్యక్రమం అయింది; 14 నుంచి 30 ఏళ్ల వాళ్లని క్లబ్బులు ఎంపిక చేసి పంపితే, కొన్ని రోజులు కలిసి ఉంటూ నలుగురిలో మాట్లాడటం, గొడవలు సర్దుకోవడం, టీముగా పని చేయడం నేర్చుకుంటారు.

నాకైతే రోటరీ వాళ్లదే ఇంకోటి, పిల్లల సేవా క్లబ్బు ఇంటరాక్టే ఎక్కువ నచ్చుతుంది. 12–18 ఏళ్ల పిల్లలు, ఏడాది పొడవునా పని, కనీసం రెండు ప్రాజెక్టులు: ఒకటి స్కూలుకో ఊరికో, ఇంకోటి అంతర్జాతీయ అవగాహన కోసం. పెద్దవాళ్లు పక్కనుండి చూడాలంతే, మైకు లాక్కోకూడదు (మన దగ్గర ఇదే కష్టం!). చేర్పించే ముందు ఒక్కటి అడగండి, ప్రాజెక్టు ఏదో తేల్చేది పిల్లలా, రోటరీ క్లబ్ ప్రెసిడెంటుగారా?