క్లాసు చాలు, పరీక్ష వద్దంది

పోయిన ఆదివారం రాత్రి అన్నాలు తింటుంటే మా అమ్మాయి చెప్పింది. "అమ్మా, ఏపుష్ ఎగ్జామ్ నేను రాయను. నాకు క్లాసు చాలు."

ఏపుష్ అంటే ఏపీ యూఎస్ హిస్టరీ. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, ఇక్కడ అమెరికాలో హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. చివర్లో 5కి స్కోరిచ్చే పరీక్ష ఉంటుంది. మంచి స్కోరొస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి, అంటే ఆ కోర్సు అక్కడ మళ్లీ చదవక్కర్లేదు. ఈ ఏడాది, పదకొండో తరగతిలో, తను తీసుకున్న నాలుగు ఏపీల్లో అదొకటి. మిగతావి కాలిక్యులస్, బయాలజీ, ఇంగ్లిష్ లాంగ్వేజ్. పరీక్షలు మే నెలలోనే అయినా రాసేదీ లేనిదీ నవంబర్ మధ్యకల్లా తేల్చాలి. ఒక్కోదానికి 99 డాలర్లు. ఆలస్యమైతే ఇంకో 40. పేరిచ్చి రాయకపోయినా 40 పోతాయి. అందుకే వారం రోజులుగా మా ఇంట్లో ఇదే టెన్షన్.

రాయనన్నది బయాలజీ అయితే నేను సరే అనేదాన్ని. అసలు బయాలజీ పరీక్ష వద్దన్నది నేనే. చాలా మెడికల్ స్కూళ్లు ఆ సబ్జెక్టు కాలేజీలోనే చదివి ఉండాలంటాయి, ఏపీ క్రెడిట్‌ని లెక్కలోకి తీసుకోవు. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మెడిసిన్ అన్న మాట ఇంట్లో మొదట వచ్చింది నా నోటినుంచే. పిల్ల దాన్ని కాదనలేదు, అంతే.

హిస్టరీ విషయంలో మాత్రం నా లెక్క నాకుంది. టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలో ఏ డిగ్రీ చేసినా, ఇంజనీరింగ్ అయినా సరే, ఆరు క్రెడిట్ల అమెరికా చరిత్ర చదివి తీరాలని చట్టం. అంటే రెండు కోర్సులు. ఏపీ పరీక్షలో 5కి 3 వస్తే క్రెడిట్ ఇవ్వాలని 2015లో ఇంకో చట్టం వచ్చింది. ఫలానా కోర్సుకి ఇంకా ఎక్కువ స్కోరు అవసరమని యూనివర్సిటీ చూపించగలిగితే తప్ప ఇవ్వాల్సిందే. ఒక మే నెల ఉదయం మూడుంబావు గంటలు కూర్చుని 55 బిట్లు, మూడు చిన్న ప్రశ్నలు, రెండు వ్యాసాలు రాస్తే ఒకటో రెండో కోర్సుల ఫీజు మిగులుతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. అదే అన్నాను.

తను కంచంలోంచి తలెత్తి అడిగింది. "నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్లాసు ఇదే కదమ్మా. కాలేజీలో దాన్నే ఎందుకు తప్పించుకోమంటున్నావ్?"

నాకు వెంటనే జవాబు రాలేదు. ఆ క్లాసు తనకి ఎంత ఇష్టమో నాకు తెలియనిది కాదు. నెల క్రితం అసైన్‌మెంట్ కోసం భగత్ సింగ్ థింద్ కేసు గురించి రాసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషాయన. భారతీయుడు 'తెల్లవాడు' కాడు కాబట్టి పౌరసత్వం కుదరదని 1923లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మనవాళ్లకి ఆ దారి తెరుచుకోవడానికి 1946 దాకా పట్టింది. అది చదివిన రోజు రాత్రి పదకొండింటికి నా గదిలోకొచ్చి, "నువ్వూ నాన్నా ఏ చట్టం వల్ల ఇక్కడికి రాగలిగారు?" అని అడిగింది. తెలియదన్నాను. వెతికి తనే చెప్పింది. 1965లో దేశాలవారీ కోటాలు తీసేశారు. నాన్న వచ్చిన హెచ్‌వన్‌బీ 1990 చట్టంలో పుట్టింది. ఇరవై ఏళ్లుగా ఆ వీసా కాగితాల చుట్టూ తిరిగినదాన్ని, అది ఎప్పుడు ఎలా వచ్చిందో ఒక్కసారీ అడగలేదు.

అంత ఇష్టంగా చదివే పిల్లకి, ఆ క్లాసు తప్పించుకునే దారి చూపిస్తున్నాను.

ఇదే పని నేను నాకు చేసుకున్నాను. పదో తరగతి దాకా తెలుగంటే నాకు ప్రాణం. మా తెలుగు మాష్టారు భాగవతం పద్యం చదువుతుంటే బెల్లు కొట్టినా ఎవరం కదిలేవాళ్లం కాదు. ఇంటర్‌లో చేరేటప్పుడు ఒక్క మాటన్నారు అందరూ: సంస్కృతం తీసుకో, మార్కులు పడతాయి. తీసుకున్నాను. నూటికి తొంభై ఏడు వచ్చాయి. ఆ మార్కులు నాకు దేనికి పనికొచ్చాయో ఇప్పుడు చెప్పలేను. సంస్కృతంలో ఒక్క వాక్యం సొంతంగా రాయలేను. తెలుగు పద్యాలు మాత్రం పదో తరగతి దగ్గరే ఆగిపోయాయి. పిల్లకి నేర్పిద్దామని కూర్చుంటే నాలుగైదు పద్యాల తర్వాత నా దగ్గర ఏమీ ఉండదు. తను తెలుగు సరిగా మాట్లాడటం లేదని విసుక్కునేది కూడా నేనే.

నన్ను అడిగిన తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒకటుంది, అది ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. ముందు పిల్లలు వెళ్లాలనుకునే కాలేజీ క్రెడిట్ పట్టిక చూడండి. కాలిఫోర్నియాలో పేరున్న సైన్స్ యూనివర్సిటీ కాల్‌టెక్ లాంటి చోట ఏపీకి క్రెడిట్టే ఇవ్వరు. స్కూల్లో జీపీఏకి, అంటే గ్రేడుల సగటుకి, లెక్కకొచ్చేది మామూలుగా క్లాసులో వచ్చిన గ్రేడు, మే నెల పరీక్ష కాదు. పన్నెండో తరగతి స్కోర్లయితే అడ్మిషన్లన్నీ అయ్యాక జులైలో వస్తాయి. కాబట్టి భయంతో అన్నీ రాయించకండి అంటాను. ఇన్ని చెప్పే నేను, సొంత కూతురు ఒక్కటి రాయనంటే వారం రోజులుగా నిద్రపోవడం లేదు. ఫీజు భారం నిజమే. మాకింకో పిల్లాడున్నాడు. రెండు కోర్సులంటే చిన్న మొత్తం కాదు. కానీ నన్ను నిద్రపోనివ్వనిది డబ్బొక్కటే అని కూడా అనలేను. ఆ 5 అన్న అంకె ఒకటి చేతికి రావాలని నాలో ఇంకా ఉంది. పిల్ల చదువుతోందని నా కళ్లతో చూస్తున్నా అది చాలడం లేదు.

నిన్న సాయంత్రం మధ్యేమార్గం అనుకుని ఒక మాట చెప్పాను. "పరీక్ష రాసెయ్యి. క్రెడిట్ వచ్చినా వాడుకోవాలని రూలేం లేదు. కాలేజీకెళ్లాక నీకిష్టమైతే ఆ కోర్సు మళ్లీ తీసుకో."

కాసేపు నా వైపే చూసింది. "అప్పుడు నువ్వు ఊరుకుంటావా?"

ఊరుకుంటాను అనబోయి ఆగాను. ఫ్రీగా వచ్చిన క్రెడిట్ వదిలేసి, ఫీజు కట్టి అదే కోర్సు చదువుతానంటే నేను ఏమంటానో తనకి తెలుసు, నాకూ తెలుసు. మా ఆయన "దాని ఇష్టానికి వదిలెయ్" అని లేచి వెళ్లి గిన్నెలు కడగడం మొదలుపెట్టారు.

కట్టడానికి ఇంకా నాలుగు రోజులుంది. కాలిక్యులస్‌కీ ఇంగ్లిష్‌కీ టిక్కు పెట్టాను. బయాలజీ వదిలేశాను. హిస్టరీ పక్కన గడి ఖాళీగానే ఉంది. ఇవాళ పొద్దున బస్సెక్కేముందు తను అడిగింది, నేను ఇక్కడికొచ్చిన తొలి ఏడాది ఎలా గడిచిందో శనివారం కూర్చుని చెప్పాలట. క్లాసు కోసం కాదట. రాసుకోవడానికి నోట్‌బుక్ కొత్తది కావాలంది.